చెక్‌పోస్టు తీసేస్తే మామూళ్లు పోతాయా?

ఛత్తీస్‌గఢ్‌కు విదేశంతో హద్దు లేదు. కానీ చుట్టూ ఏడు రాష్ట్రాలున్నాయి. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర. అక్కడి బొగ్గు, ఇనుము, సిమెంటు, బియ్యం బయటికి పోవాలన్నా, మన మిర్చి, చేపలు అక్కడికి చేరాలన్నా లారీ ఏదో ఒక పొలిమేర దాటక తప్పదు. 2017లో జీఎస్టీ వచ్చిన వెంటనే ఆ రాష్ట్ర ప్రభుత్వం తన 16 రవాణా చెక్‌పోస్టులను మూసేసింది. 2020లో మళ్లీ తెరిచింది. రెండు నిర్ణయాలూ నయా రాయపూర్ మహానదీ భవన్‌లో కొలువైన ప్రభుత్వానివే. ఆ నిర్ణయాల బరువు మాత్రం పడింది అక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, శబరి ఒడ్డున కోంటా గేటు దగ్గర ఆగే డ్రైవరు మీద. 2025 అక్టోబరులో తెలంగాణ కూడా తన రవాణా చెక్‌పోస్టులకు తాళం వేసింది.

తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. ఈ తిరగలి ఎందుకు తిరుగుతోందో అర్థం కావాలంటే గేటు దగ్గర లంచం ఎలా పుడుతుందో ముందు తేల్చుకోవాలి. దీని మీద మన దేశంలోనూ బయటా గట్టి పరిశోధన జరిగింది. విచారకరమైన సంగతి ఏమిటంటే, గేట్లు తెరిచేవాళ్లూ మూసేవాళ్లూ దాన్ని పట్టించుకున్న జాడ కనబడదు.

రాయపూర్‌లో సరుకు వేసుకుని విజయవాడకు బయల్దేరిన లారీ జాతీయ రహదారి 30 మీదుగా జగదల్‌పూర్, సుక్మా దాటి కోంటా చేరుతుంది. అక్కడ ఛత్తీస్‌గఢ్ అయిపోతుంది. చింతూరు ఆంధ్రప్రదేశ్. భద్రాచలం తెలంగాణ. ఇబ్రహీంపట్నం దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఆంధ్రప్రదేశ్. రాష్ట్ర విభజనకు ముందు ఈ దారిలో ఉన్నది ఒక్క హద్దు. 2014లో రాష్ట్రం రెండై, ఏడు మండలాలు ఆంధ్రకు మారాక అదే లారీ, అదే రోడ్డు, అదే సరుకు మూడు హద్దులు దాటాల్సి వచ్చింది. హద్దు పెరిగిందంటే పన్ను చీటీ పెరిగింది, పర్మిట్ అడిగేవాడు పెరిగాడు, బండి ఆపే చెయ్యి పెరిగింది.

హద్దు దగ్గరి లంచాన్ని ఒకే ముద్దగా చూడటం వల్ల చాలా చర్చలు దారి తప్పుతున్నాయి. ఇందులో రెండు రకాలున్నాయి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న డ్రైవరు, ఆలస్యం భయానికి ఇచ్చేది ఒకటి. చేపలు మెత్తబడతాయి, కిరాయి కోత పడుతుంది, యజమాని ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు, అందుకని ఇస్తాడు. ఇది పీడన. అధిక బరువు వేసుకున్నవాడు, దొంగ సరుకు తెచ్చినవాడు దాటిపోవడానికి ఇచ్చేది రెండోది. ఇది కుమ్మక్కు. మొదటిదానిలో ఇచ్చినవాడు బాధితుడు, ఫిర్యాదు చేసే అవకాశం కొంతైనా ఉంటుంది. రెండోదానిలో ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ లాభమే కనుక నోరు విప్పేవాడే ఉండడు. నష్టమంతా రోడ్డుకీ ఖజానాకీ ఎదురుగా వచ్చే బండికీ. ఆఫ్రికాలో మపూటో, డర్బన్ రేవుల మీద సాండ్రా సెకేరా, సిమియన్ జాంకోవ్ చేసిన అధ్యయనం ఈ తేడాను చక్కగా పట్టుకుంది. పీడించే రేవును తప్పించుకోవడానికి వ్యాపారులు ఎక్కువ దూరమైనా వేరే రేవుకు పోయారు, కుమ్మక్కయ్యే రేవుకు పనిగట్టుకుని వచ్చారు. కాబట్టి ఒక చెక్‌పోస్టు గుండా రాకపోకలు పెరిగాయని సంబరపడేముందు ఎందుకు పెరిగాయో చూడాలి.

కుమ్మక్కు ఎంత సులువో కాటా దగ్గర తెలుస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000 చొప్పున అదనం. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి, దించిన ఖర్చు బండివాడిదే, దించేదాకా బండి కదలకూడదు. ఐదు టన్నులు ఎక్కువున్న లారీ లెక్క చూడండి. జరిమానాయే 30,000. సరుకు దించడానికి కూలీలు కావాలి, దించినదాన్ని కాపలా కాయాలి, వెనక్కి తీసుకుపోవడానికి ఇంకో బండి మాట్లాడుకోవాలి, ఈలోగా ఒకటి రెండు రోజులు పోతాయి. ఆ లారీకి చట్టం పెట్టిన మొత్తం వెల నలభై వేలు దాటితే ఆశ్చర్యం లేదు. తనిఖీ అధికారి దానిలో పదో వంతు అడిగినా డ్రైవరు దండం పెట్టి ఇచ్చి పోతాడు. జరిమానా పెంచినప్పుడు ఓవర్‌లోడు తగ్గుతుందని ఆశించారు. గేటు దగ్గర కాటా చీటీ నేరుగా కంప్యూటర్లోకి ఎక్కనిచోట, పెరిగిన జరిమానా బేరానికి పైకప్పునే పెంచింది. జరిమానా తగ్గించాలని నేననడం లేదు. బరువు చూసేవాడి చేతిలో రాసే అధికారం ఉండకూడదు, అంతే.

లంచాల మొత్తం ఎంతన్నదానికి అంచనాలే ఉన్నాయి. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఇండియా కోసం జరిగిన అధ్యయనం, 2007లో వెలువడినది, దేశం మొత్తం మీద లారీలవాళ్లు ఏటా కట్టే లంచాలు 22,000 కోట్ల రూపాయలకు పైనే అని లెక్కగట్టింది. 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పది నగరాల్లో వెయ్యి మందికి పైగా డ్రైవర్లను అడిగి, ఏటా దాదాపు 48,000 కోట్లన్నది. నూటికి ఎనభై మందికి పైగా తమ ఆఖరి ట్రిప్పులో ఏదో ఒక శాఖవాళ్లకు డబ్బు ఇచ్చామని చెప్పారు. ఈ అంకెలను మరీ పట్టుకుని వేలాడక్కర్లేదు, అవి డ్రైవర్ల మాట మీద కట్టినవి. గమనించాల్సింది వేరే ఉంది. రెండో అధ్యయనం నాటికి జీఎస్టీ వచ్చి రెండేళ్లు దాటింది. చాలా రాష్ట్రాల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017 జూలై మొదటి వారంలోనే లేచిపోయాయి. అయినా చేతులు మారే సొమ్ము ఆగలేదు. పన్ను గేటు పోయింది, రవాణా శాఖా పోలీసులూ మిగిలారు.

తెలుగు రాష్ట్రాల్లో ఏసీబీ దాడుల వార్తలు చదివేవారికి ఒక దృశ్యం బాగా పరిచయం. అర్ధరాత్రి దాటాక అధికారులు మామూలు దుస్తుల్లో చెక్‌పోస్టు గదిలోకి వెళ్లి కూర్చుంటారు. బల్ల మీద ఒక ట్రేనో, కింద ఒక డబ్బానో ఉంటుంది. దాడి జరుగుతోందని తెలియని డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఎవరూ అడగకుండానే నోటు అందులో వేస్తారు, కాగితాలు చూపించే పని కూడా పెట్టుకోకుండా వెళ్లిపోతారు. వసూలుకు కూర్చున్నవాడు చాలాసార్లు ప్రభుత్వ ఉద్యోగే కాడు, రోజుకూలి మీద పెట్టుకున్న ప్రైవేటు మనిషి. ఇందులో నన్ను ఎక్కువ కలచివేసేది ఆ డ్రైవరు మొహంలో కోపం కూడా లేకపోవడం. బేరం లేదు, బెదిరింపు లేదు, రేటు అందరికీ తెలుసు. టోలు కట్టినట్టే కడుతున్నాడు, రసీదు ఒక్కటే రాదు. లెక్కలో లేని నగదు దొరికిందని మర్నాడు పత్రికల్లో వస్తుంది. ఆ నగదు ఒక్క రాత్రిది. మిగతా రాత్రుల సంగతి ఎవరూ రాయరు.

ఇలాంటి గేటు తీసేస్తే బాగుపడదా? దీనికి దొరికినంతలో మంచి జవాబు ఇండొనేషియాలోని ఆచే నుంచి వచ్చింది. బెంజమిన్ ఓల్కెన్, పాట్రిక్ బారన్ తమ మనుషులను లారీల్లో డ్రైవర్ల పక్కన కూర్చోబెట్టి 304 ప్రయాణాలు చేయించారు. 6,000కు పైగా అక్రమ చెల్లింపులు కళ్లారా చూసి రాసుకున్నారు. ప్రయాణం ఖర్చులో దాదాపు 13 శాతం వాటికే పోయింది. అదే కాలంలో శాంతి ఒప్పందం కుదిరి, ముప్పై వేల మందికి పైగా సైనికులు, పోలీసులు ఆ ప్రాంతం నుంచి వెనక్కి వెళ్లారు, దారిలో ఎన్నో గేట్లు మాయమయ్యాయి. డ్రైవర్లు కట్టే మొత్తం తగ్గింది, కానీ గేట్లు తగ్గినంతగా తగ్గలేదు. మిగిలిన గేట్లవాళ్లు రేటు పెంచేశారు. గమ్యం దగ్గరపడేకొద్దీ రేటు ఎక్కువగా ఉందన్నది ఇంకో సంగతి. అంతదూరం వచ్చినవాడు వెనక్కి పోలేడని వాళ్లకు తెలుసు.

మన అనుభవం కూడా అటే చూపిస్తోంది. గుజరాత్ 2019 నవంబరులో తన 16 చెక్‌పోస్టులను రద్దు చేసి, పన్నులు, రుసుములు ఆన్‌లైన్‌లో కట్టించుకోవడం మొదలుపెట్టింది. ఆ నమూనాలోనే మధ్యప్రదేశ్ 2024 జూలై 1 నుంచి చెక్‌పోస్టులు తీసేసి, చెక్‌పాయింట్లు, సంచార బృందాలు పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో భోపాల్ శివార్లలో వదిలేసిన ఒక ఇన్నోవా కారులో 52 కిలోల బంగారం, పది కోట్ల రూపాయల నగదు బయటపడ్డాయి. దర్యాప్తు ఆ రాష్ట్ర రవాణా శాఖలో ఒకప్పుడు కానిస్టేబుల్‌గా చేసి మానేసిన వ్యక్తి వైపు మళ్లింది. కేసు తేలే దాకా అతన్ని దోషి అనలేం. ఒక కానిస్టేబుల్ ఉద్యోగం మీద అంత బంగారం గురించి అడగాల్సిన ప్రశ్న మాత్రం శాఖను అడగాలి. సంచార బృందాల విషయంలో నా భయం ఇంకొకటి. చెక్‌పోస్టు కదలదు, దానికి కెమెరా పెట్టొచ్చు, ఏసీబీ వెళ్లి కూర్చోవచ్చు. రాత్రి రెండింటికి అడవి మలుపులో ఆగిన జీపు ఎక్కడుందో, ఎవరిని ఆపిందో, ఎంతసేపు ఆపిందో రాసుకునే పుస్తకం ఏది?

జీతాలు పెంచితే లంచాలు తగ్గుతాయన్న వాదన ఒకటి ఎప్పుడూ వినబడుతుంది. ఘనా దేశం 2010లో పోలీసుల జీతాలు ఇంచుమించు రెట్టింపు చేసింది. రహదారుల మీద లారీలవాళ్లు కట్టిన మొత్తాలను జెరెమీ ఫోల్ట్జ్, క్వేకు ఒపోకు-అగ్యేమాంగ్ పరిశీలిస్తే పోలీసుల వసూళ్లు పెరిగాయని తేలింది. ఎందుకన్నదానికి రకరకాల వివరణలున్నాయి. మనకు దగ్గరగా ఉన్న వివరణ రాబర్ట్ వేడ్ 1982లో రాసిన వ్యాసంలో దొరుకుతుంది. దక్షిణ భారతంలో ఒక రాష్ట్రంలో కాలువల శాఖను దగ్గర నుంచి చూసి ఆయన చెప్పింది ఇది: కింది ఉద్యోగి రైతుల నుంచి వసూలు చేసేది తన కోసం మాత్రమే చేయడు, ఆ పోస్టింగ్ కోసం పైకి కట్టింది రాబట్టుకోవాలి, ఉన్నచోటే ఉండటానికి మళ్లీ కట్టాలి. కాలువ స్థానంలో చెక్‌పోస్టును పెట్టి చదవండి, ఒక్క వాక్యం మార్చాల్సిన పని లేదు. ఫలానా గేటుకు బదిలీ కోసం సిఫార్సు ఉత్తరాలు క్యూ కడుతున్నాయంటే ఆ గేటులో అవినీతి ఎంతో కొలవడానికి వేరే సర్వే అక్కర్లేదు.

ఇక ఛత్తీస్‌గఢ్ నేర్పే అసలు పాఠం వరి దగ్గర ఉంది. 2023–24లో కేంద్రం సాధారణ వరికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. ఛత్తీస్‌గఢ్ తన రైతులకు ఇచ్చింది 3,100, ఎకరానికి 21 క్వింటాళ్ల వరకు. హద్దుకు అవతల, ఒడిశాలోని నువాపడా, బర్‌గఢ్, కలహండి జిల్లాల్లో అదే వడ్లకు ఆ ఏడు ఆ ధర లేదు. తేడా 917 రూపాయలు. నూట యాభై క్వింటాళ్లు వేసుకున్న లారీ రాత్రికి రాత్రి హద్దు దాటితే లక్షా ముప్పై ఏడు వేల రూపాయల పైచిలుకు మిగులుతుంది. అక్కడి దళారులను కోచియాలంటారు. పంట తక్కువొచ్చిన రైతు పేరు మీద ఖాళీగా మిగిలిన కోటాలో అవతలి వడ్లు కలిపేస్తారు. కోచియా ఒక్కడే ఈ పని చేయలేడు. గేటు దగ్గరవాడు, కొనుగోలు సొసైటీలో తూకం వేసేవాడు, భూమి రికార్డు చూసేవాడు, అందరూ కళ్లు మూసుకోవాలి. లక్ష రూపాయల లాభంలో అందరికీ వాటా పంచడం కష్టమేమీ కాదు. ఏటా నవంబరు నుంచి జనవరి చివరిదాకా కొనుగోళ్లు సాగినన్నాళ్లూ హద్దు గ్రామాల్లో తాత్కాలిక నాకాలు వేస్తారు. బండ్లు పట్టుబడతాయి, ఫొటోలు వస్తాయి. పొలాల గట్ల మీదుగా ట్రాక్టర్లు పోయే దారులన్నిటికీ నాకా వేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

2024లో ఒడిశాలో ప్రభుత్వం మారాక, మద్దతు ధర 2,300కు పైన 800 రూపాయలు సాయంగా కలిపి అక్కడా 3,100 చేశారు. హద్దు దాటించే లాభానికి మూలమే తగ్గింది. ఎన్ని నాకాలు వేసినా దక్కని ఫలితానికి దారి ఒక్క ధర నిర్ణయంతో తెరుచుకుంది. అవతల తూకంలో కోతలు, చెల్లింపులో ఆలస్యం ఉన్నంతకాలం కొంత సరుకు ఇటు వస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి. హద్దుకు ఇరువైపులా ధరలో, పన్నులో, నిబంధనలో తేడా ఎంత పెద్దదైతే గేటు దగ్గరవాడి సంతకానికి వెల అంత పెరుగుతుంది. అందుకే అవినీతి ముప్పును అంచనా కట్టేవాళ్లు కోంటాకో, ఒడిశా హద్దులోని ధన్‌పూంజీ గేటుకో పోయేముందు రెండు రాష్ట్రాల ధరల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

తేడా లేకపోయినా గేటు పుట్టించొచ్చని బొగ్గు కేసు చెబుతోంది. 2020 జూలై 15న ఛత్తీస్‌గఢ్ గనుల శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. అంతవరకు ఆన్‌లైన్‌లో దానంతటదే వచ్చే బొగ్గు రవాణా అనుమతికి ఇకపై అధికారి కాగితం మీద సమ్మతి కావాలన్నది. ఆ సమ్మతిని అడ్డం పెట్టుకుని టన్నుకు 25 రూపాయల చొప్పున, దాదాపు 540 కోట్లు వసూలు చేశారన్నది ఈడీ ఆరోపణ. ఐఏఎస్ అధికారులు సహా పలువురు అరెస్టయ్యారు, కేసు న్యాయస్థానాల్లో ఉంది. ఆరోపణలు నిలుస్తాయో లేదో కోర్టు చెబుతుంది. ఆదేశం సంగతి చెప్పడానికి కోర్టు అక్కర్లేదు. యంత్రం చేస్తున్న పనిని మనిషి చేతికి మార్చడానికి గట్టి కారణం ఉండాలి, అది లిఖితంగా బయటపెట్టాలి. 2024లో కొత్త ప్రభుత్వం ఆ ఆదేశాన్ని ఎత్తేసి మళ్లీ ఆన్‌లైన్ బాట పట్టింది.

సాంకేతికత మీద నాకు నమ్మకం ఉంది, మోజు లేదు. రాష్ట్రాల మధ్య సరుకుకు 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చింది, 2021 నుంచి టోల్‌గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. లారీ ఎప్పుడు ఎక్కడ ఉందో ఇప్పుడు ప్రభుత్వానికి తెలుసు. అయితే యంత్రంలోకి ఎక్కించే అంకె అబద్ధమైతే యంత్రం ఆ అబద్ధాన్నే భద్రంగా దాస్తుంది. బిహార్ దాణా కుంభకోణంలో సరుకు మోసినట్టు బిల్లుల్లో రాసిన బండ్ల నంబర్లు కొన్ని స్కూటర్లవని తేలిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అంతర్జాతీయ హద్దుల్లోనూ కథ ఇదే. ప్రపంచ కస్టమ్స్ సంస్థ 1993లో అరూషాలో నిజాయితీ ప్రకటన చేసి, 2003లో దాన్ని సవరించింది. విచక్షణాధికారం తగ్గించండి, నియమాలు బహిరంగంగా ఉంచండి, సిబ్బందిని మారుస్తుండండి అన్నది దాని సారం. మన పెట్రాపోల్ నుంచి బంగ్లాదేశ్ బేనాపోల్‌కు సరుకు దాటడానికి 138 గంటలు పడుతోందని ప్రపంచ బ్యాంకు 2021లో రాసింది. అన్ని గంటలు లారీలు బారులు తీరిన చోట వరుసలో ముందుకు జరిపే అధికారమే అమ్మకపు సరుకవుతుంది. అదే హద్దులో పశువుల స్మగ్లింగ్‌కు సహకరించాడన్న ఆరోపణ మీద 2018 జనవరిలో సీబీఐ ఒక బీఎస్ఎఫ్ కమాండెంట్‌ను అరెస్టు చేసింది. అతని దగ్గర నలభై లక్షలకు పైగా నగదు దొరికింది. ఒకటి పీడనకు, ఒకటి కుమ్మక్కుకు ఉదాహరణ, ఒకే పొలిమేర మీద.

అన్ని గేట్లూ ఎత్తేయాలని ఎవరన్నా అంటే కోంటా విషయంలో ఒప్పుకోలేను. ఒడిశా మల్కన్‌గిరి వైపు నుంచీ మన ఏజెన్సీ నుంచీ గంజాయి ఉత్తరాదికి పోయే దారుల్లో సుక్మా, జగదల్‌పూర్ ఉన్నాయి. దశాబ్దాల హింస చూసిన ప్రాంతం కూడా. అక్కడ తనిఖీ అవసరం. అయితే గంజాయి వెతికే పోలీసు పర్మిట్ అడగకూడదు, పర్మిట్ చూసే రవాణా ఉద్యోగి డబ్బు ముట్టకూడదు, బరువు తూచే కాటాకు ఇద్దరితోనూ సంబంధం ఉండకూడదు. మూడు పనులూ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర జరిగే చోట ట్రే పుడుతుంది.

చట్టం ఈ డ్రైవరుకు ఏ మాత్రం తోడుందో కూడా చూడాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణ ప్రకారం లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చానంటే మినహాయింపు ఉంది, కాకపోతే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. రాయపూర్ డ్రైవరు భద్రాచలం దగ్గర డబ్బు ఇచ్చి, విజయవాడలో సరుకు దించి, ఇంకో కిరాయి పట్టుకుని చెన్నై పోతాడు. తెలంగాణ ఏసీబీకి 1064 అనే నంబరు ఉంది. తెలుగు రాని మనిషి, రేపు మళ్లీ అదే దారిన రావాల్సినవాడు, ఆ నంబరుకు ఫోన్ చేస్తాడని ఆశించడం న్యాయం కాదు. లారీ యజమానుల సంఘాలు అతని పేరు బయటికి రాకుండా ఫిర్యాదు చేసే వీలు కల్పించాలి. దర్యాప్తు సంస్థలు దాన్ని స్వీకరించాలి.

ఇన్ని చూశాక నా తీర్పు ఇది. రవాణా చెక్‌పోస్టుల మూసివేత మంచి నిర్ణయం, తెలంగాణ దాని మీద నిలబడాలి. 2017లో మూసి 2020లో తెరిచిన ఛత్తీస్‌గఢ్ దారి పట్టకూడదు. ఖజానాకు రాబడి తగ్గిందన్న మాట త్వరలోనే వినబడుతుంది, గేట్లు తిరిగి తెరవాలనేవాళ్లు ఎప్పుడూ చెప్పేది అదే. దానికి జవాబు చెప్పాలంటే అంకెలు కావాలి. ఆన్‌లైన్‌లో వచ్చిన పన్ను ఎంత, సంచార బృందాలు ఏ నెలలో ఎన్ని బండ్లను ఎక్కడ ఆపాయి, ఒక్కోదాన్ని ఎన్ని నిమిషాలు ఆపాయి, ఎన్నిటికి జరిమానా వేశాయి, ఎన్నిటిని ఊరికే వదిలాయి, ఆ బృందాల్లో ఎవరు ఎంతకాలంగా ఉన్నారు. నయా రాయపూర్, హైదరాబాద్, అమరావతి ఈ లెక్కను ఒకే నమూనాలో నెలనెలా ప్రకటిస్తే కోంటా నుంచి భద్రాచలం దాకా ఎక్కడ బండి అకారణంగా ఆగుతోందో ఎవరైనా చెప్పగలరు. ప్రభుత్వాలు వాటంతటవి ప్రకటించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. లారీ సంఘాలవాళ్లూ, రైతు సంఘాలవాళ్లూ, ఆ దారిలో సరుకు పంపే వ్యాపారులూ దరఖాస్తు పెట్టండి, ఈ లెక్క అడగండి.